ఇద్దరిలో మిగిలే ఒక్కరిని తలచుకొని ఊరు ఎంచుకోండి

ప్రశ్న: నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. వచ్చే జూన్ నెలాఖరుకు 60 ఏళ్లు నిండి రిటైరవుతున్నాను. పాత పెన్షన్ విధానమే నాకు వర్తిస్తుంది. మల్కాజిగిరిలో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ అక్కడే జరిగాయి. నా భార్యది హనుమకొండ. ఆమెకు 57 ఏళ్లు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి బెంగళూరులో స్థిరపడ్డారు. కోనసీమలో అంబాజీపేట దగ్గర మా ఊళ్లో నాన్నగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది. ఆయన వీలునామా రాయలేదు. ఇల్లు నాకూ మా తమ్ముడికీ ఉమ్మడిగా ఉంది. ఫ్లాటు అమ్మేసి, ఆ ఇల్లు బాగుచేయించుకొని ప్రశాంతంగా ఉండాలని నా కోరిక. స్నేహితులు విశాఖ మంచిదంటున్నారు. అమ్మాయి హైదరాబాదు శివార్లలో పెద్దవాళ్ల కోసం కడుతున్న గేటెడ్ కమ్యూనిటీ చూడమంటోంది. అబ్బాయి అమెరికా వచ్చేయమంటున్నాడు. మా ఆవిడకు ఎక్కడైనా ఒకటే, నా మాట కాదనదు. వీటిలో ఏది మంచిది? ఉన్న ఆస్తిని ఇప్పుడే పిల్లల పేర రాసేయవచ్చా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: అయ్యా, మీ ఉత్తరంలో నాలుగు చోట్ల ప్రస్తావన ఉంది, నాలుగింటి గురించీ చెబుతాను. అంతకంటే ముందు, మీరు మాటవరుసకు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగవలసి ఉంది. “మా ఆవిడకు ఎక్కడైనా ఒకటే” అన్నారు. ఆమె మీకంటే మూడేళ్లు చిన్నవారు. మన దేశంలో స్త్రీల సగటు ఆయుర్దాయం పురుషులకంటే ఎక్కువ. ఈ రెండూ కలిపి చూస్తే, ఇప్పుడు మీరు ఎంచుకోబోయే ఇంట్లో చివరి ఏళ్లు ఒంటరిగా గడపవలసిన వ్యక్తి చాలావరకు ఆమే. అందువల్ల 60 ఏళ్ల వయసులో, ఇంకా ఓపిక ఉన్న మీ ఇద్దరికీ ఏ ఊరు హాయిగా ఉంటుందన్నది రెండో ప్రశ్న అవుతుంది. మీలో ఒకరు లేకపోయిన తరువాత, మిగిలిన ఒకరు 78వ ఏటనో 80వ ఏటనో ప్రతి చిన్న పనికీ ఒకరిని బతిమాలుకోకుండా ఎక్కడ బతకగలరన్నది మొదటి ప్రశ్న. ఆ లెక్కన ఎంచుకున్న చోట మీరిద్దరూ కలిసి ఉండే ఏళ్లు కూడా సుఖంగానే గడుస్తాయి. ఈ రోజు ముచ్చటను బట్టి ఎంచుకున్న చోటు మాత్రం, అవసరం పడినప్పుడు ఆదుకోకపోవచ్చు.

సొంత ఊరి విషయం మొదట చూద్దాం, ఎందుకంటే మీ మనసు అక్కడే ఉంది. ఆ మమకారాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కాలువ గట్టు, కొబ్బరి తోట, పేరు పెట్టి పిలిచే మనుషులు, పండగ వస్తే ఊరంతా ఒక్కటయ్యే తీరు, ఇవన్నీ డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవి కావు. అయితే ఆ ఊరు మీకు బాల్యం, మీ శ్రీమతి గారికి అత్తవారిల్లు. మీరు అరుగు మీద కూర్చుంటే చిన్ననాటి స్నేహితులు నలుగురు వచ్చి పలకరిస్తారు. ఆమెకు అక్కడ ఉన్న చుట్టరికాలన్నీ మీ వైపువే, మీ ద్వారా వచ్చినవే. హనుమకొండలో పుట్టి పెరిగి, మల్కాజిగిరిలో తనకంటూ ఇరుగుపొరుగును సంపాదించుకున్న మనిషి, 60 ఏళ్లు వచ్చే వేళకు మళ్లీ కోడలిగా మొదలుపెట్టడం ఎంత కష్టమో ఒకసారి ఆమె స్థానంలో ఉండి ఆలోచించండి.

వైద్యం సంగతి ఇంకా ముఖ్యమైనది. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువ. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి; ఇచ్చే ముందు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. అమలాపురంలో ఆసుపత్రులున్నాయి, వైద్య కళాశాల కూడా ఉంది. కానీ బోర్డు చూసి తృప్తి పడకండి. రాత్రి రెండు గంటలకు రోగిని తీసుకువస్తే స్కాన్ తీసేవారు ఉంటారా, ఆ ఇంజెక్షన్ ఇవ్వగల వైద్యుడు వస్తాడా అని స్వయంగా వెళ్లి అడిగి రండి. లేరన్న సమాధానం వస్తే, కాకినాడకో రాజమహేంద్రవరానికో 60–70 కిలోమీటర్లు గోదావరి పాయల మీది వంతెనలు దాటి వెళ్లాలి. 108కి ఫోను చేయడం, బండి రావడం, ఆ ప్రయాణం, అక్కడ స్కాను, ఇవన్నీ కలిపితే నాలుగున్నర గంటలు ఎంత త్వరగా కరిగిపోతాయో లెక్క వేసుకోండి. 1996 నవంబర్ 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా నేలకూల్చిందో మీకు చెప్పనవసరం లేదు. అటువంటి రాత్రి దారులన్నీ చెట్లతో మూసుకుపోతే ఇన్సులిన్ నిల్వ ఎలా, కరెంటు ఎలా అన్నది కూడా ఆ ఇంటి లెక్కలో భాగమే.

నాకు బాగా తెలిసిన ఒక పెద్దావిడ మీ ప్రాంతంలోనే ఇటువంటి మండువా ఇంట్లో భర్త పోయాక కొన్నేళ్లు ఒంటరిగా ఉన్నారు. ఆస్తికి కొదవ లేదు, అన్నానికి లోటు లేదు. రాత్రి ఎనిమిది కొట్టేసరికి వీధి తలుపు, పెరటి తలుపు గడియలు వేసి, మళ్లీ వెనక్కి వెళ్లి అవి పడ్డాయో లేదో చేత్తో తడిమి చూసుకొని, అన్ని గదులూ వదిలేసి వంటింటి పక్క చిన్న గదిలో మంచం వేసుకొని పడుకునేవారు. బాత్రూం పెరట్లో ఉండేది. వానాకాలంలో రాత్రి పూట అక్కడికి వెళ్లవలసి వస్తుందన్న భయంతో సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేశారు. కొబ్బరికాయలు దింపే కార్మికులు వచ్చే రోజు ఎవరినో ఒకరిని బతిమాలి తోటలో నిలబెట్టవలసి వచ్చేది. చివరకు ఆమె కాకినాడలో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు. ఊరు మంచిదే, మనుషులూ మంచివారే. కాకపోతే ఆ ఇల్లు నిండుగా మనుషులున్న రోజుల కోసం కట్టినది, ఒక్క మనిషి మోయగలిగినది కాదు.

ఇల్లు బాగుచేయించడానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు హక్కు తేల్చుకోండి. “నాకూ మా తమ్ముడికీ ఉమ్మడి” అన్నారు గానీ, అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో రాయలేదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితమైన ఇంటిలో కొడుకులతో పాటు కూతుళ్లకూ, జీవించి ఉంటే తల్లికీ హిందూ వారసత్వ చట్టం కింద సమాన వాటా ఉంటుంది. పెళ్లి చేసి పంపించాం, కట్నం ఇచ్చాం అన్న మాట చట్టం ముందు నిలవదు. అందరూ కలిసి భాగపంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకున్న తరువాతే తాపీమేస్త్రీని పిలవండి. ఫ్లాటు అమ్మిన డబ్బంతా ఉమ్మడి ఇంటి మీద పోసి, రేపు తమ్ముడి పిల్లలు వాటా అడిగితే, మీ శ్రీమతి గారు ఆ వయసులో కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

ఇక డబ్బు లెక్క. మీ నెలవారీ ఖర్చును మీ పెన్షన్‌తో కాక కుటుంబ పెన్షన్‌తో పోల్చి చూడండి. పూర్తి సర్వీసు ఉన్నవారికి చివరి మూల వేతనంలో సగం పెన్షన్‌గా వస్తుంది. పెన్షనరు మరణిస్తే భార్యకు ఏడేళ్లు, లేదా ఆయన జీవించి ఉంటే 67 ఏళ్లు నిండే తేదీ, వీటిలో ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటు ఇస్తారు. ఆ తరువాత చివరి మూల వేతనంలో 30 శాతమే. అంటే మీ చివరి మూల వేతనం 90,000 రూపాయలనుకుంటే, మీ పెన్షన్ 45,000, మీ 67వ ఏడు దాటాక ఆమెకు మిగిలేది 27,000, వాటి మీద కరువు భత్యం. ఖర్చులు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గవు. ఇద్దరున్నా ఒక్కరున్నా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు ఒకటే, పనిమనిషి జీతం ఒకటే. ఒంటరిగా ఉన్నవారికి తోడు మనిషి ఖర్చు అదనం. ఏ చోటు చూసినా ఈ 27,000 మీద అక్కడ నెల గడుస్తుందా అన్నది మొదట తేల్చుకోండి.

మీ అమ్మాయి చెప్పిన గేటెడ్ కమ్యూనిటీకి ఈ పరీక్ష మరీ అవసరం. ఇటువంటి చోట్లలో మేలు లేకపోలేదు. వండుకునే శ్రమ ఉండదు, కరెంటు బిల్లు, ప్లంబరు కోసం పరుగులు ఉండవు, పిలిస్తే నర్సు వస్తుంది, సాటి వయసువారు తోడుంటారు. ఒంటరిగా మిగిలిన మనిషికి ఇవి చిన్న విషయాలు కావు. కానీ కట్టుబడి పూర్తికాని ప్రాజెక్టులో డబ్బు పెట్టకండి. 60 ఏళ్లవారికి మూడేళ్ల ఆలస్యం 30 ఏళ్లవారికి జరిగే ఆలస్యం వంటిది కాదు. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ చూసి, నివాసానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, కనీసం కొన్ని కుటుంబాలు నివసిస్తున్న చోటుకే వెళ్లండి. వెళ్లినప్పుడు మోడల్ ఫ్లాటు చూపించే అమ్మకపు ప్రతినిధిని మర్యాదగా పక్కన ఉంచి, భోజనాల హాలులో కూర్చొని అక్కడ ఉంటున్నవారితో కలిసి తినండి. నెలవారీ చార్జీలు ఏటా ఎంత పెరుగుతున్నాయో, పెంచే అధికారం ఎవరి చేతుల్లో ఉందో, ఎవరైనా మంచాన పడితే అదే ఇంట్లో ఉంచి చూసుకుంటారా, వేరే చోటికి తీసుకుపొమ్మంటారా అని వారినే అడగండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఆ చివరిదే. నడవగలిగినంత కాలం అందరూ బాగా చూసుకుంటారు; నడవలేని రోజుకు ఒప్పందంలో ఏం రాశారన్నది చూడాలి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ చేసి ఇస్తున్నారా, కేవలం డిపాజిట్టు మీద ఉండనిస్తున్నారా, తరువాత పిల్లలు అమ్ముకోవచ్చా, అమ్మితే బదిలీ రుసుము ఎంత అన్నవీ కాగితం మీద ఉండాలి. కేంద్ర గృహ నిర్మాణ మంత్రిత్వ శాఖ 2019లో రిటైర్మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టేవారు, సేవలు అందించేవారు, కొనేవారు ముగ్గురూ ఒకే ఒప్పందంలో సంతకం చేయడం మంచిదన్న సూచన వాటిలో ఉంది. మీరు చూసే సంస్థ అందుకు ఒప్పుకుంటుందో లేదో అడగండి. వారు ఇచ్చే సమాధానాన్ని బట్టే చాలా అర్థమవుతుంది.

విశాఖ గురించి క్లుప్తంగా చెబుతాను. సముద్రం ఉంది, మంచి ఆసుపత్రులున్నాయి, సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉన్న ఆరోగ్య పథకం) వారి వెల్‌నెస్ సెంటరు, అంటే వైద్యశాల, కూడా ఉంది. వెళ్లాలనుకుంటే ఊరి చివరి కొత్త వెంచర్లకంటే, ఎంవీపీ కాలనీ వంటి పాత కాలనీలో రైతు బజారుకు నడిచి వెళ్లగలిగే చోటు మేలు. కానీ అక్కడ మీకు ఎవరున్నారు? స్నేహితులు మంచిదంటున్నారన్నారు గానీ, వారు అక్కడ ఉంటున్నారని మీరు రాయలేదు. తెలిసిన మనిషి ఒక్కరూ లేని ఊరికి గాలి బాగుందని వెళ్లడం 40 ఏళ్ల వయసులో సరదా; మీ వయసులో, ముఖ్యంగా ఆమెకు, అది పరాయి ఊరే అవుతుంది.

అమెరికా ఇల్లు మీ అబ్బాయిది, అక్కడి జీవితం కూడా అతనిదే. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఒక విడతకు ఆరు నెలల వరకే ఉండనిస్తారు. సందర్శకుల ఇన్సూరెన్సు పాత జబ్బులకు చాలావరకు వర్తించదు, కాబట్టి మధుమేహం ఉన్నవారికి అది నమ్ముకోదగిన రక్షణ కాదు. గ్రీన్‌కార్డు తీసుకొని వెళ్లినా, అక్కడ ఉద్యోగం చేసి ఉండనివారు వరుసగా ఐదేళ్లు నివసించి, 65 ఏళ్లు నిండిన తరువాతే ప్రీమియం కట్టి, పెద్దవయసువారికి అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరగలరు. డాలస్‌లో కారు నడపలేని మనిషి పాల ప్యాకెట్టుకు కూడా కొడుకు సెలవు రోజు కోసం చూడాలి. మనవల దగ్గరకు తప్పకుండా వెళ్లి రండి. స్థిరనివాసం ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు.

ఇక నా అభిప్రాయం. మీరు ఊరు మారవలసిన అవసరం లేదు, ఇల్లు మారవలసిన అవసరం ఉంది. మీ ఉత్తరంలో ఎంచుకోదగిన చోటుగా లెక్కించని స్థలం మీరు ఇప్పుడున్న మల్కాజిగిరే. అక్కడి మందుల దుకాణం అబ్బాయికి మీ ఆవిడ వాడే మాత్రలు తెలుసు, ఇరుగుపొరుగుకు మీ పిల్లల పేర్లు తెలుసు, సికింద్రాబాద్ స్టేషను దగ్గర, నగరంలో సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ సెంటర్లు ఉన్నాయి. రిటైరయ్యాక మీరు పెన్షనరుగా కార్డు తీసుకుంటే, తరువాత కుటుంబ పెన్షనరుగా మీ శ్రీమతి గారికి కూడా ఆ వైద్య సదుపాయం కొనసాగుతుంది. సీజీహెచ్‌ఎస్ లేని ప్రాంతంలో ఉండే పెన్షనర్లకు రోజువారీ వైద్యం కింద నెలకు 1,000 రూపాయల స్థిర భత్యమే దక్కుతుంది. మధుమేహం మందులకు, పరీక్షలకు అది ఏ మూలకూ చాలదు. ఆ మూడు అంతస్తుల మెట్లు మాత్రం ఆమెను మరో ఐదారేళ్లలో ఇంట్లోనే బందీని చేస్తాయి. కాబట్టి ఆ చుట్టుపక్కలే, ఆమె ఇప్పటి స్నేహితులకు నడక దూరంలో, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తులోనో రెండో అంతస్తులోనో ఇల్లు చూడండి.

చూసేటప్పుడు గోడల రంగును, బాల్కనీ వెడల్పును వదిలేసి కొన్ని విషయాలు పట్టి చూడండి. లిఫ్టు తలుపు తీసి, లోపల స్ట్రెచరు పడుతుందో లేదో కొలవండి. చాలా పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్టు నలుగురు నిలబడేంతే ఉంటుంది. రోగిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకొని మెట్ల మీద దించుతుంటే, మలుపు దగ్గర కుర్చీ గోడకు తగిలి ఆ మనిషి మూలుగుతుంటే చూసినవారు ఈ కొలతను ఎప్పుడూ మరిచిపోరు. బాత్రూం తలుపు వాకరు పట్టేంత వెడల్పు ఉండాలి, గడప ఎత్తు ఉండకూడదు, కమోడు పక్క గోడ పట్టుకునే కమ్మీ బిగించడానికి తగినంత గట్టిగా ఉండాలి. ఏప్రిల్ నెలలో వెళ్లి, వారానికి ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో వాచ్‌మన్‌ను అడగండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు నిలిచే హద్దు) పరిధిలోనో, నాలాకు ఆనుకొనో ఉన్న ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ నీటిలో చిక్కుకొని మందులు, మంచినీళ్లు అందక అవస్థపడినవారిలో పెద్దవయసువారు ఎందరో ఉన్నారు. చివరగా, సాయంత్రం ఏడు గంటలకు మీ శ్రీమతి గారితో కలిసి, ఆమె నడక వేగంతోనే, ఆ ఇంటి గేటు నుంచి కూరగాయల బండి దాకా, మందుల దుకాణం దాకా, గుడి దాకా నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉందా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, రోడ్డు దాటడానికి ఆమెకు మీ చెయ్యి అవసరమవుతోందా అన్నది గమనించండి. అవసరమైతే ఆ ఇల్లు ఆమెకు తగినది కాదు.

అంతమాత్రాన సొంత ఊరిని వదులుకోమనడం లేదు. హక్కులు తేలాక ఒక గదికి, దానికి ఆనుకొని ఒక బాత్రూముకు మాత్రం ఖర్చు పెట్టి, డిసెంబరులో వెళ్లి సంక్రాంతి చేసుకొని ఫిబ్రవరి దాకా ఉండి రండి; గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాజమహేంద్రవరంలో దిగి ఊరు చేరుకోవచ్చు. ఇంత చెప్పినా ఊళ్లోనే స్థిరపడాలన్న కోరిక తీరకపోతే, జూలై నుంచి మరుసటి జూన్ దాకా ఒక పూర్తి సంవత్సరం అక్కడ ఉండి చూడండి. వరదల నెలలు, తుపానుల నవంబరు, ఉక్కపోసే మే, ఇవన్నీ చూశాక నిర్ణయించండి. అంతవరకు మల్కాజిగిరి ఫ్లాటును అద్దెకు ఇవ్వండి గానీ అమ్మకండి. నగరంలో ఒకసారి అమ్ముకున్న ఇంటిని అదే డబ్బుతో మళ్లీ కొనుక్కోవడం అరుదు.

ఈ నిర్ణయంలో మీ శ్రీమతి గారి మాట వినడానికి “నీకు ఇష్టమేనా” అని అడిగితే సరిపోదు. అలా అడిగితే ఇన్నేళ్లుగా చెబుతున్న సమాధానమే చెబుతారు. “నేను లేకపోతే నువ్వు ఎక్కడ ఉంటావు, నీ దగ్గర ఎవరుంటారు” అని అడగండి. మన ఇళ్లలో ఈ మాట అశుభమని ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం వల్లనే, పదకొండో రోజు కర్మ పూర్తి కాకుండానే పిల్లలు హాల్లో కూర్చొని అమ్మను ఎవరు తీసుకువెళ్లాలని మాట్లాడుకునే పరిస్థితి వస్తుంది. మీ అమ్మాయి ఎదురుగా అడిగితే ఇంకా మంచిది. మీతో చెప్పని మాట కూతురితో చెబుతారు. ఆ సంభాషణలోనే బ్యాంకు ఖాతా, పెన్షన్ కాగితాలు, లాకరు తాళం, ఆసుపత్రి కార్డు ఎక్కడున్నాయో ఆమెకు చూపించి, ఇకనుంచి నెలకు ఒకసారైనా బ్యాంకు పని ఆమె చేతనే చేయించండి.

మీ చివరి ప్రశ్నకు సమాధానం: ఇప్పుడే పిల్లల పేర రాయకండి. దానపత్రం రిజిస్టరు అయిన క్షణం నుంచి ఆస్తి మీది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ద్వారా రద్దు చేయించుకోవచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా లేకపోతే వివాదం తప్పదు. మీ పిల్లలు మంచివారని మీ ఉత్తరమే చెబుతోంది, అందుకే ఈ చిక్కులో వారిని కూడా పెట్టవద్దు. కొత్త ఇల్లు మీ ఇద్దరి పేరిటా కొనండి. మీరిద్దరూ చెరొక వీలునామా రాయండి. ఒకరి తరువాత ఆస్తి మొదట రెండోవారికి, వారి తరువాత పిల్లలకు వెళ్లేలా రాయండి. వీలునామా మీద ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, వారు అందులో వాటా పొందేవారు కాకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తరువాత తగాదాలు తగ్గుతాయి. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు, చివరగా రాసినదే చెల్లుతుంది. న్యాయవాది దగ్గరకు వెళ్లే రోజు మీ శ్రీమతి గారిని కూడా వెంట తీసుకువెళ్లండి, ఆమె వీలునామాను ఆమె మాటల్లోనే చెప్పనివ్వండి.